రెండు మూడు డిపార్ట్‌మెంట్లు కలిసి సీడ్ గ్రాంట్ రాయాలంటే: ఉద్దానం ఉదాహరణతో

సీడ్ గ్రాంట్ అంటే పరిశోధన మొదలుపెట్టడానికి యూనివర్సిటీ తన అధ్యాపకులకు ఇచ్చే చిన్న మొత్తం. ఆ డబ్బుతో పరిశోధన పూర్తి కాదు. కొన్ని లక్షలు, ఏడాది గడువు. ఇంతలో అయ్యే పని ఒక్కటే: రేపు పెద్ద గ్రాంటుకు వెళ్లినప్పుడు "ఇది జరిగే పనేనా?" అని అడిగే రివ్యూయర్ ముందు పెట్టడానికి నాలుగు నమ్మకమైన అంకెలు సంపాదించడం. ఆ సంగతి మరిచిపోయి, ఐదు లక్షల్లో దేశ సమస్య తీరుస్తామని రాసిన ప్రొపోజళ్లు మొదటి వడపోతలోనే పోతాయి.

రాష్ట్ర, ప్రైవేటు యూనివర్సిటీల్లో కూడా ఈ పథకాలు ఉండటానికి ఒక కారణం, ఉన్నత విద్యాసంస్థలను మదింపు చేసే నాక్. తన మదింపులో పరిశోధన భాగం కింద, అధ్యాపకులకు పరిశోధన కోసం సీడ్ మనీ ఎంత ఇచ్చారో లెక్క చూపమంటుంది. నాక్ రావాల్సిన ఏడాది డీన్ ఆఫీసు సర్క్యులర్ కాస్త ముందే వస్తుందని పాతకాపులకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లకు యూజీసీ ఇచ్చే పరిశోధన గ్రాంటు వేరు. అది ఒక్కరి పేరు మీద వస్తుంది. ఇక్కడ చెప్పేది వేర్వేరు విభాగాలవాళ్లు కలిసి అడిగే డబ్బు గురించి.

విషయం గాల్లో చెప్పకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని చేస్తూ నీళ్లు తాగకపోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) ఒక్కటే తేల్చేది కాదు, జియాలజీ ఒక్కటే తేల్చేది కాదు. సీడ్ గ్రాంటుకు ఇంతకంటే తగిన సమస్య దొరకదు, ఇంత సులువుగా చేతులు కాల్చే సమస్యా దొరకదు.

ముందు ప్రశ్నను చిన్నది చేయండి

"ఉద్దానం కిడ్నీ వ్యాధికి కారణాల అన్వేషణ: ఒక బహుళశాస్త్ర విధానం" అని శీర్షిక పెడితే కమిటీలో ఎవరూ కాదనరు, ఎవరూ మార్కులూ వేయరు. పన్నెండు నెలల్లో అవునో కాదో చెప్పగలిగే ప్రశ్న కావాలి. ఉదాహరణకు: "ఒకే ఊళ్లో, ఒకే రకం కూలి పని చేసేవాళ్లలో, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ల ఇంటి బావి నీళ్లలోనూ తగ్గనివాళ్ల ఇంటి బావి నీళ్లలోనూ సిలికా, ఫ్లోరైడ్ మోతాదుల్లో తేడా ఉందా?" ఊరు, పని ఒకటే కావడంతో ఎండ, ఆదాయం లాంటివి చాలావరకు పక్కకు తొలగుతాయి. ముప్పై ఇళ్లు ఒకవైపు, ముప్పై ఇళ్లు మరోవైపు. ఇంతమందితో కారణం తేలదు. తేడా ఎంత ఉండొచ్చు, అది ఇంటింటికీ ఎంత మారుతోంది అన్నది తెలుస్తుంది. పెద్ద అధ్యయనానికి ఎంతమంది కావాలో లెక్క కట్టడానికి కావలసింది ఆ రెండు అంకెలే. ప్రొపోజల్‌లో ఈ మాట దాచకుండా రాయండి. స్టాటిస్టిక్స్ తెలిసిన రివ్యూయర్ అక్కడే మెత్తబడతాడు.

ప్రశ్న సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ప్రొపోజల్ నుంచి ఒక విభాగాన్ని తీసేయండి. మిగిలినవాళ్లు ఆ పని ఎలాగోలా చేసుకోగలిగితే అది ఉమ్మడి ప్రాజెక్టు కాదు. పై ఉదాహరణలో డాక్టర్లను తీసేస్తే ఎవరికి జబ్బు ఉందో తెలియదు. జియోకెమిస్ట్రీని తీసేస్తే నీళ్ల సంగతి తెలియదు. సోషియాలజీనో సోషల్ వర్క్‌నో తీసేస్తే? చాలామంది ఇక్కడ "సర్వే చేయడానికి" అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. నిజానికి ఈ ప్రాజెక్టు నిలబడేది వాళ్ల మీదే. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి పైపుల నీళ్లు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇవాళ కుళాయి తిప్పేవాడి కిడ్నీ మీద పదిహేనేళ్ల కిందటి బావి నీళ్ల ప్రభావం ఉండొచ్చు. ఏ బావి, ఏ ఏడు వరకు, ఇంట్లో తాగినవెన్ని, తోటలో పనికెళ్లినప్పుడు తాగినవెక్కడివి అని ఓపిగ్గా రాబట్టడం నేర్చినవాళ్ల పని. ఆ చరిత్ర లేకపోతే లక్షన్నర పెట్టి చేయించిన నీళ్ల పరీక్షలకు అర్థం లేదు.

ఎవరిని కలుపుకోవాలి

సీడ్ గ్రాంటుకు ముగ్గురు చాలు, నలుగురు ఎక్కువ. పేర్ల కోసం కలిపిన ఐదో మనిషి సంతకం కోసమే పది రోజులు పోతాయి.

మంచి పేరున్న ప్రొఫెసర్ కంటే, మీ ఫోన్ ఎత్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు. కలిసి రాసే ముందు ఒక మధ్యాహ్నం కూర్చుని తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. మొహమాటపడి వీటిని వాయిదా వేస్తే తర్వాత మాటలు పోతాయి. మొదటిది, పీఐ (ప్రాజెక్టు బాధ్యుడు) ఎవరు, కో-పీఐ (సహ బాధ్యుడు) ఎవరు. ప్రమోషన్లకు వాడే యూజీసీ 2018 నిబంధనల లెక్కలో ఉమ్మడి ప్రాజెక్టు పాయింట్లు పీఐకి, కో-పీఐకి సగం సగం. పేపరుకు ఇద్దరికంటే ఎక్కువమంది రచయితలుంటే మొదటి లేదా కరస్పాండింగ్ రచయితకు 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం. పది లక్షల లోపు ప్రాజెక్టుకు నడుస్తుండగా 2 పాయింట్లు, పూర్తయ్యాక 5. ప్రమోషన్ దగ్గర పడిన మనిషికి ఇవి చిన్న అంకెలు కావు. అందుకే ఏ పేపరులో ఎవరి పేరు ముందుండాలో ముందే రాసుకోండి. నీళ్ల రసాయనం మీద పేపరు ఒకరిది, ఆరోగ్య ఫలితాల పేపరు మరొకరిది, ఉమ్మడి పేపరు పీఐది, ఇలా ఒక పేజీలో తేల్చి అందరూ సంతకం పెడితే సరిపోతుంది.

రెండోది, కొనే వస్తువు ఎవరి గదిలో ఉంటుంది. సాధారణంగా పీఐ డిపార్ట్‌మెంట్ స్టాక్ రిజిస్టర్లో ఎక్కుతుంది. కో-పీఐ దాన్ని వాడుకోవాలంటే తాళం ఎవరి దగ్గరో ఇప్పుడే తేలాలి. మూడోది, బయటి ఆసుపత్రో కాలేజీయో కలిస్తే డబ్బు వాళ్లకు ఎలా చేరుతుంది. సీడ్ మనీని వేరే సంస్థ ఖాతాకు బదిలీ చేయడానికి చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. వాళ్లు చేసే పరీక్షకు బిల్లు తీసుకుని చెల్లించడమే దారి. అందుకని ఒప్పంద పత్రం (ఎంఓయూ)లో రేటు, బిల్లు ఎవరి పేరు మీద ఉండాలి అన్నవి రాయించండి.

అప్పగింతల పేజీ

ఉమ్మడి ప్రాజెక్టులు సిద్ధాంతం దగ్గర చెడవు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి నమూనా మారేచోట చెడతాయి. ఫారంలో అడగకపోయినా సరే, ఎవరు దేన్ని, ఎప్పుడు, ఏ స్థితిలో, ఎవరికి ఇస్తారో ఒక పేజీ రాసి అనుబంధంగా పెట్టండి. రివ్యూయర్లకు నచ్చేది, ఆ తర్వాత మీ ప్రాజెక్టును కాపాడేది ఈ పేజీయే.

నీళ్ల సంగతే చూడండి. రక్తం తీసే బృందానికి నీళ్ల సీసా కూడా అప్పగిస్తే వాళ్లు గాజు సీసాలో ఒక్కటే నమూనా పట్టుకొస్తారు, పాపం వాళ్ల తప్పేం లేదు. కానీ గాజులోంచి సిలికా నీళ్లలోకి దిగుతుంది, ఫ్లోరైడ్‌కూ గాజు పనికిరాదు. ప్లాస్టిక్ సీసాలే వాడాలి. ఒక్కో బావికి రెండు సీసాలు. ఒకటి లోహాలకు: 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, పీహెచ్ 2 కంటే తగ్గేలా శుద్ధమైన నైట్రిక్ ఆమ్లం కలిపినది. రెండోది ఆమ్లం కలపకుండా చల్లగా ఉంచినది, ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరైడ్‌లకు. నైట్రిక్ ఆమ్లం కలిపిన సీసాలో నైట్రేట్ కొలిస్తే వచ్చేది మీరు పోసిన ఆమ్లమే. సిలికా కొలవాల్సిన నమూనాను డీప్ ఫ్రీజర్లో గడ్డ కట్టించకూడదు, కరిగాక సిలికా తక్కువ చూపిస్తుంది. బోరైతే మోటారు వేసి, కండక్టివిటీ మీటరులో అంకె నిలకడయ్యాకే పట్టాలి. పైపులో నిలిచిన నీళ్లు భూగర్భ జలం కాదు.

అవతలి వైపూ ఇలాంటివే ఉన్నాయి. జియాలజీవాళ్లు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) ఒకసారి చూసి ఇంటిని "కేసు" జాబితాలో వేసేస్తారు. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అనడానికి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం అంచనా) 60 కంటే తక్కువ ఉండటమో, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం లాంటి ఇంకో ఆనవాలు ఉండటమో మూడు నెలలకు పైగా కొనసాగాలి. ఎండలో పని చేసి నీళ్లు తాగకుండా వచ్చిన మనిషికి ఆరోజు క్రియాటినిన్ పెరిగి కనబడొచ్చు. కాబట్టి ప్రతి మనిషికీ రెండు పరీక్షలు, మధ్య కనీసం మూడు నెలల ఎడం, ఉదయం పూట. రెండు విడతలూ ఒకే ల్యాబు, ఒకే పద్ధతి. క్రియాటినిన్‌ను జాఫే పద్ధతిలో ఒకసారి, ఎంజైమాటిక్ పద్ధతిలో ఒకసారి చేయిస్తే రెంటినీ పోల్చలేరు.

సీసాల మీద పేర్లు రాయొద్దు. "కవిటి-07-నీ-1" లాంటి కోడ్ చాలు. రక్తానికి, నీళ్లకు, ప్రశ్నపత్రానికి అదే ఇంటి నంబరు. కోడ్‌కీ పేరుకీ లంకె వేసే జాబితా ఒకే ఒక్కరి దగ్గర, మెడికల్ కో-పీఐ దగ్గర, తాళంలో ఉండాలి. ఎక్సెల్ ఫైలు వాట్సాప్ గ్రూపులో తిరగడం మొదలైతే మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి మీరిచ్చిన మాట పోయినట్టే.

లెక్క ఎలా కట్టాలి

ఐదు లక్షల గ్రాంటులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)ను పెట్టుకోవాలనేది అందరికీ వచ్చే మొదటి ఆలోచన. 2023 ఉత్తర్వు ప్రకారం నెలకు 37,000. పన్నెండు నెలలకు 4,44,000. దానికి పది శాతం ఇంటి అద్దె భత్యం చేరితే 4,88,400. పరిశోధనకు మిగిలేది 11,600. అందుకే సీడ్ గ్రాంటులో ఫెలోను అడగకండి. ఇప్పటికే పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థికి ఇందులో ఒక అధ్యాయం దొరికేలా చూసి, ఫీల్డ్ పనికి కొన్ని నెలలు సహాయకుడిని మాత్రం పెట్టండి.

పైన చెప్పిన పనికి ఒక లెక్క ఇలా ఉంటుంది. రేట్లు అనుకున్నవి, మీ దగ్గరి కొటేషన్లతో మార్చుకోవాలి. ఫీల్డ్ సహాయకుడు నెలకు 18,000 చొప్పున 8 నెలలు: 1,44,000. అరవై బావులు రెండు కాలాల్లో 120 నమూనాలు, నిజంగా ఒకే అంకె వస్తోందా అని చూసుకోవడానికి 12 జంట నమూనాలు, బయటి కలుషితం చేరిందేమో చూడటానికి శుద్ధజలం నింపిన 6 బ్లాంకులు, మొత్తం 138. ఒక్కోటి జీఎస్టీతో 1,200 అయితే 1,65,600. అరవైమందికి రెండుసార్లు రక్తం, మూత్రం పరీక్షలు 600 చొప్పున 72,000. బండి ఖర్చు 8 విడతలు, విడతకు 5,500: 44,000. సీసాలు, ఫిల్టర్లు, ఆమ్లం, ఐస్ బాక్సులు 35,000. పరీక్షకు వచ్చిన పూట పని మానుకున్నందుకు మనిషికి 200 చొప్పున రెండుసార్లు, 24,000. ఇక్కడికి 4,84,600. మిగిలిన 15,400 ఫారాల ప్రింటింగుకు, అనుకోని ఖర్చులకు.

జంట నమూనాలను, బ్లాంకులను ఫైనాన్స్ సెక్షన్ కోసేయాలని చూస్తుంది, "అదనపు పరీక్షలు ఎందుకు" అంటుంది. అవి లేకపోతే మొత్తం అంకెలనే ఎవరూ నమ్మరని ఒక వాక్యంలో రాసి పెట్టండి. కూలి పరిహారం విషయంలో ఎథిక్స్ కమిటీ ఆమోద పత్రం జతచేయండి, లేదంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది.

పరికరాలు కొనొద్దు. లోహాలు కొలిచే ఐసీపీ-ఎంఎస్ లాంటి యంత్రాలు ఎక్కడున్నాయో, పరిశోధన పరికరాల వివరాలుండే ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్లో వెతికి, గంటకో నమూనాకో రుసుము కట్టి వాడుకోవచ్చు. తప్పక కొనాల్సింది ఉంటే పన్ను సరిగ్గా వేయండి. ప్రభుత్వ పరిశోధన సంస్థలకు శాస్త్రీయ పరికరాల మీద ఉన్న 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జులైలో పోయింది. పాత ప్రొపోజల్‌లోంచి బడ్జెట్ కాపీ కొట్టినవాళ్లు ఇప్పటికీ 5 శాతమే వేసి, బిల్లు వచ్చాక తేడా ఎక్కడ తేవాలో తెలియక తిరుగుతున్నారు.

అనుమతులు, క్యాలెండరు

శాంక్షన్ ఆర్డర్ వచ్చాక ఎథిక్స్‌కు దరఖాస్తు చేద్దామనుకుంటే ఏడాదిలో మూడు నెలలు అక్కడే పోతాయి. రెండూ ఒకేసారి పెట్టండి. మనుషుల రక్తం తీస్తున్నారు కాబట్టి వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు వర్తిస్తాయి. మీ యూనివర్సిటీలో రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ లేకపోతే కో-పీఐ మెడికల్ కాలేజీ కమిటీకి వెళ్లాలి. అందరికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. సమ్మతి పత్రం తెలుగులో, చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో ఉండాలి. "మూత్రపిండ వైకల్య సూచికల నిర్ధారణ" లాంటివి వద్దు. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలున్నాయి, ఆ భాషలో కూడా ఒకటి తయారు చేయించండి.

కమిటీ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: పరీక్షలో కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలిన మనిషిని ఏం చేస్తారు? "ఫలితాలు గోప్యంగా ఉంచుతాం" అనేది జవాబు కాదు. ఎన్ని రోజుల్లో, ఎవరు, ఇంటికి వెళ్లి చెబుతారు, ఏ ఆసుపత్రికి పంపుతారు అన్నది రాయాలి. విదేశీ సంస్థతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధనైతే ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. సీడ్ గ్రాంటు గడువులో ఆ దారి ఎక్కకపోవడమే మంచిది.

శాంక్షన్ జులైలో వచ్చిందనుకుందాం. వానలు తగ్గాక నవంబరులో మొదటి రక్త పరీక్ష, నవంబరు, డిసెంబరుల్లో మొదటి విడత నీళ్లు. ఎండలు ముదరకముందే మార్చి మొదట్లో రెండో రక్త పరీక్ష, మూడు నెలల ఎడం కూడా దాటుతుంది. ఏప్రిల్, మేలలో బావులు అడుగంటినప్పుడు రెండో విడత నీళ్లు. అక్టోబరులో ఫీల్డ్ పని పెట్టుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇదే ప్రాంతంలో తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అలాంటి నెలలో వాయిదా పడితే మొత్తం వరుస వెనక్కి జరుగుతుంది.

ఈ క్యాలెండరులో ఒక చిక్కు ఉంది, చూశారా? మార్చి 31 సరిగ్గా రెండు విడతల నీళ్ల మధ్య పడుతోంది. చాలా యూనివర్సిటీల్లో ఆరోజుకి ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుంది, లేదా కొత్త ఏడాదికి మళ్లీ అనుమతి కావాలి. మిగులును కొనసాగించమని జనవరిలోనే రాసి పెట్టండి. మార్చి చివరి వారంలో ఫైనాన్స్ సెక్షన్‌లో మీ ఫైలు చూసే తీరిక ఎవరికీ ఉండదు.

కమిటీ ముందు, ఆ తర్వాత

ప్రెజెంటేషన్‌కు పది నిమిషాలిస్తే అందరూ మాట్లాడండి. జియాలజీ మనిషి రక్త పరీక్ష స్లైడునూ, డాక్టరు నీళ్ల స్లైడునూ వివరించగలిగితే మీరు నిజంగా కలిసి కూర్చున్నారని కమిటీకి చెప్పక్కర్లేదు. మూడో వాక్యంలోనే "ఆ సంగతి మా కో-పీఐ చెబుతారు" అంటే మార్కులు అక్కడే పడిపోతాయి. తర్వాత ఏ గ్రాంటుకు వెళతారన్నది పేరుతో చెప్పండి. "ఐసీఎంఆర్ స్మాల్ గ్రాంటు, పరిమితి రెండు కోట్లు, మాకు కావలసినవాళ్లు ఇంతమంది, ఆ సంఖ్య ఈ సీడ్ అంకెల నుంచి వస్తుంది" అంటే ఆ డబ్బు ఎటు పోతుందో వాళ్లకు కనబడుతుంది.

శాంక్షన్ వచ్చిన వారంలో కొనుగోలు విభాగానికి వెళ్లి కొటేషన్ లేకుండా ఎంతవరకు కొనొచ్చు, కమిటీ ఎప్పుడు కావాలి, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ తప్పనిసరా అని తాజా ఉత్తర్వు కాపీ తెచ్చుకోండి. ఈ పరిమితులు మారుతుంటాయి, రాష్ట్ర యూనివర్సిటీలకు వేరే నిబంధనలుంటాయి. ప్రతి బిల్లూ యూనివర్సిటీ పేరు మీద, ప్రాజెక్టు గడువు లోపలి తేదీతో ఉండాలి. శాంక్షన్‌కు రెండు రోజుల ముందు కొన్న సీసాల బిల్లు ఎంత చిన్నదైనా చెల్లదు. పల్లెలో ఇచ్చిన కూలి డబ్బుకు పేరు, తేదీ, సంతకమో వేలిముద్రో ఉన్న వోచర్ అక్కడికక్కడే రాయించుకోవాలి. ఆ వోచర్లలో పేర్లుంటాయి కాబట్టి కోడ్ నంబర్లు వాటి మీద రాయకండి.

ఆరు నెలల రిపోర్టులో జరగనిది దాచొద్దు. అరవై ఇళ్లకు నలభై ఏడే దొరికితే ఎందుకో రాయండి: ఏ ఊళ్లో కాదన్నారు, ఏ ఊళ్లో వలస వెళ్లారు. పెద్ద గ్రాంటులో మనుషులు ఎంతమంది తప్పుకుంటారో లెక్క కట్టడానికి అదే ఆధారం. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు ఎలా ఖర్చయిందో చూపే ధృవీకరణ) కోసం గడువు ముగిసేదాకా ఆగకుండా, చివరి నమూనా ల్యాబుకు వెళ్లిన రోజు నుంచే బిల్లులు సర్దడం మొదలుపెట్టండి. గడువు పొడిగింపు కావాలంటే ముగింపు తేదీకి కనీసం రెండు నెలల ముందు అడగాలి. పొడిగించేది కాలాన్నే, డబ్బును కాదు. సహాయకుడి జీతం అప్పటికే అయిపోయి ఉంటుంది.

మిగిలిన సీరమ్‌ను (రక్తం నుంచి వేరు చేసిన ద్రవం) తర్వాతి గ్రాంటు కోసం దాచుకోవాలంటే ఆ మాట మొదటి సమ్మతి పత్రంలోనే ఉండాలి: ఎన్నేళ్లు, ఎక్కడ, దేనికోసం, వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి. అది లేకుండా ఫ్రీజర్లో పెట్టిన సీసాలు ఎన్నున్నా వాడటానికి కుదరదు, అరవై ఇళ్లకూ మళ్లీ వెళ్లి సంతకాలు తెచ్చుకోవాల్సిందే.